పెంచినవారికి పాలెంత?

"సొమ్మొకడిది, సోకొకడిది" అని మన పెద్దలు వూరికే అనలేదు. ఫుట్‌బాల్ ఆటలో ఈ సామెత ఎంత నిజమో తెలియాలంటే హైదరాబాదు కథ వింటే చాలు.

మా నారాయణఖేడ్ ఒకప్పటి హైదరాబాదు సంస్థానంలోనిదే. ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో, కర్ణాటక సరిహద్దు పక్కన వుంది. ఇక్కడి పిల్లల చేతుల్లో క్రికెట్ బ్యాటే ఎక్కువగా కనిపిస్తుంది. ఒకనాడు ఈ సంస్థానపు రాజధానే దేశానికంతటికీ ఫుట్‌బాల్ ఆటగాళ్లను పెంచి యిచ్చిందంటే వాళ్లు నమ్మరు.

ఆ పెంపకానికి పెద్దదిక్కు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. వృత్తికి బడిపంతులు. 1950 నుంచి 1963లో కన్నుమూసేవరకూ హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు ఆయనే శిక్షకుడు. ఆ జట్టు 1950 మొదలు 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకం, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం - మన దేశానికి ఈ మూడు గౌరవాలూ ఆయన శిక్షణలోనే దక్కాయి.

మరి ఆయన చేతిలో, ఆ నగరపు మైదానాల్లో తయారైన కుర్రాళ్లు ఎక్కడికి వెళ్లారు? చాలామంది కలకత్తా వెళ్లారు. సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. జకార్తాలో గెలిచిన జట్టులో ఆయన వున్నారు. 2023లో బెంగాలులోనే తుదిశ్వాస విడిచారు. 1966లో మహమ్మద్ హబీబ్, ఆ రోజుల్లోనే సయ్యద్ నయీముద్దీన్ కూడా ఆ క్లబ్బుకే వెళ్లారు. 1970లో ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టుకు నయీముద్దీన్ నాయకుడు. 1977లో కలకత్తాలో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టినవాడు మన హబీబే.

వెళ్లినవారిని తప్పు పట్టకూడదు. ఆదరణ వున్నచోటికీ, నాలుగు రూపాయలు వచ్చేచోటికీ ఎవరైనా వెళతారు. కలకత్తా క్లబ్బులనూ తప్పు పట్టలేం. ఆ రోజుల్లో మన ఆటగాళ్లు పేరుకు ఔత్సాహికులు. పెంచిన మైదానానికి యింత యివ్వాలనే చట్టం ఎక్కడా లేదు. 1965లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరవాత ఆ కప్పు మళ్లీ మన గడప తొక్కలేదు. దీనికి వేరే కారణాలూ లేకపోలేదు. కాని, కాయలు కోసుకుపోతున్నా పాదులో నీళ్లు పోసేవారు లేకపోతే ఏ చెట్టయినా ఎన్నాళ్లు కాస్తుంది?

ఈ బెంగ మనకొక్కరికే కాదు. 1995లో యూరపు న్యాయస్థానం బోస్మన్ అనే బెల్జియం ఆటగాడి కేసులో తీర్పు చెప్పింది. ఒప్పందం ముగిసిన ఆటగాడికి పాత క్లబ్బు వెల కట్టరాదన్నది. ఆటగాడికి స్వేచ్ఛ వచ్చింది, సంతోషమే. మరి పిల్లవాణ్ణి చిన్ననాటినుంచి తీర్చిదిద్దిన చిన్న క్లబ్బు గతి యేమిటి? అందుకని ఫీఫా సంస్థ 2001లో రెండు ఏర్పాట్లు చేసింది.

మొదటిది శిక్షణ పరిహారం. కుర్రవాడు మొదటిసారి వృత్తి ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడు, అంతకుముందు అతనికి ఆట నేర్పిన క్లబ్బులకు కొత్త క్లబ్బు ఖర్చులు చెల్లించాలి. రెండోది సంఘీభావపు వాటా. ఒప్పందం నడుస్తూండగానే ఆటగాణ్ణి డబ్బిచ్చి మరొక దేశపు క్లబ్బు తీసుకుంటే, ఆ సొమ్ములో నూటికి అయిదు, పన్నెండో యేటినుంచి యిరవైమూడో యేటిదాకా అతన్ని పెంచిన క్లబ్బులకు పంచాలి.

లెక్క కట్టి చూద్దాం. పన్నెండు మొదలు పదిహేనేళ్ల దాకా ఏడాదికి నూటికి పావు చొప్పున, ఆ పైన ఏడాదికి అర చొప్పున వస్తుంది. మా వూళ్లో ఒక క్లబ్బు పెట్టి ఒక పిల్లవాడికి ఆ మొదటి నాలుగేళ్లూ ఆట నేర్పామనుకోండి. రేపు అతన్ని విదేశీ క్లబ్బు కోటి రూపాయలకు తీసుకుంటే మా వాటా లక్ష రూపాయలు. పెద్ద క్లబ్బుకు అది లెక్కలోనిది కాదు. మాకైతే కొన్నేళ్లపాటు పిల్లలకు బంతులూ బూట్లూ వస్తాయి.

ఈ వాటా చాలాకాలం అందనిచోట భారం ఎవరిమీద పడుతుందో అమెరికాను చూస్తే తెలుస్తుంది. అక్కడ చాలా క్లబ్బుల్లో తలిదండ్రులే ఏటా వేల డాలర్లు కట్టి పిల్లలకు ఆట నేర్పిస్తారు. కూలి చేసుకునే యింటి పిల్లవాడికి ఆ దారి ఎక్కడిది?

దాతలను నమ్ముకుంటే సరిపోదా అనవచ్చు. హైదరాబాద్ ఎఫ్.సి. 2019లో పుట్టింది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచి మనవాళ్లను మురిపించింది. 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరే మార్చుకుంది. యజమాని సొమ్ము యజమానితో పోతుంది. పెంచినందుకు వచ్చే వాటా మాత్రం పెంచిన వూళ్లోనే వుంటుంది.

అయితే ఈ నియమంలోనూ లోపాలు వున్నాయి. నిజామాబాదు జిల్లా తండా పిల్ల సౌమ్య గుగులోత్ 2022లో క్రొయేషియాలోని దినామో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడబోయింది. మా ప్రాంతంలోనూ తండాలు చాలా వున్నాయి కనుక ఆమె పేరు వింటే మాకు గర్వంగా వుంటుంది. కాని స్త్రీల ఆటకు శిక్షణ పరిహారం వర్తించదనే అప్పటి నియమావళిలో రాసివుంది. ఆడపిల్లకు ఆట నేర్పడానికి ఖర్చు కాదా?

ఇంకొక సంగతి. ఈ వాటా అడగాలంటే క్లబ్బుకు ఫుట్‌బాల్ సంఘంలో సభ్యత్వం వుండాలి. పిల్లవాడి పేరు, ఆడిన సంవత్సరాలు నమోదయి వుండాలి. పొద్దున్నే లేచి పిల్లలను పరుగెత్తించే వ్యాయామోపాధ్యాయుడు ఎంత చాకిరీ చేసినా, నమోదు లేనిదే ఆ వూరికి దమ్మిడీ రాదు. కనుక పిల్లలకు బంతి కొనిచ్చేనాడే ఒక రిజిష్టరు పుస్తకం కూడా కొనండి. క్లబ్బును సంఘంలో చేర్పించి, పిల్లల పేర్లు ఎక్కించండి. ఆడపిల్లల పేర్లు కూడా సుమండీ. నియమం ఎప్పటికైనా మారవచ్చు. మారిననాడు మన దగ్గర లెక్క వుండాలి గదా!