తుప్పులోని రంగులు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణ దాటి తార్నాక మీదుగా ఉప్పల్ రోడ్డున కొంచెం ముందుకు వెళితే సి.సి.ఎం.బి. అనే పరిశోధనాలయం కనిపిస్తుంది. జీవకణాలను సూక్ష్మదర్శినిలో పరిశీలించే చోటు. అక్కడ ఒక చిత్రకారునికి కూడా స్థానమిచ్చారంటే వింతగా తోస్తుంది గదా! ఆయన సూర్యప్రకాశ్. 1940లో మధిరలో పుట్టి 2019లో కన్నుమూశారు.

ఆయన తొలినాళ్లలో చిత్రించినవి పూలూ కొండలూ కావు. పారవేసిన మోటారు కార్లు, తుప్పుపట్టిన ఇనుప సామాను. తరువాతి కాలంలో ఆకులు, కొలనులు, నీటిలో చెట్ల నీడలు. దారి మార్చుకున్నారని కొందరనవచ్చు. నాకలా తోచదు. తుప్పంటే ఇనుముపై గాలీ నీరూ చేసే పనే గదా. రాలిన ఆకును మట్టి చేయడంలోనూ వాటికి పాలుంది. అయితే ఆకు మళ్లీ చెట్టుకు ఎరువవుతుంది, కారు కాదు. ఆ తేడాయే మనలను నిలిపి ఆలోచింపజేస్తుంది.

మన ఊళ్లలోనూ ఏదో బావిగట్టున పాత ఆయిల్ ఇంజను పడి ఉంటుంది. దాని నూనె ఏ నేలలో ఇంకిందో ఎవరమూ చూడం. ఒకనాడు పిల్లలకు కాగితమూ రంగు పెన్సిళ్లూ ఇచ్చి దాని యెదుట కూర్చోబెట్టండి. ఇనుము ఏ రంగుకు తిరిగిందో, చుట్టూ గడ్డి ఎంత దూరం వరకు మొలవలేదో వాళ్లే గీసి చూపుతారు.