తల్లి చెంతనే నవజాత శిశువుకు రక్షణ
ఎడబాటుతో శిశువుపై ఒత్తిడి - తరలింపులోనూ తల్లీబిడ్డలు కలిసి ఉండటం అవసరం

ప్రసవానంతరం తల్లిని ఒక వార్డులోను, శిశువును వేరొక గదిలోను ఉంచడం ఒకప్పుడు పెద్ద ఆసుపత్రులలో సాధారణ పద్ధతి. శిశువుకు ఈ ఎడబాటే ఒక భారమని అనంతర పరిశోధనలు వెల్లడించాయి. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుంచి ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని గోరంట్ల వంటి గ్రామీణ మండలాలకు ఈ అంశం మరింత ముఖ్యమైనది. బరువు తక్కువగా పుట్టిన శిశువుకు ప్రత్యేక వైద్యం అవసరమైతే హిందూపురం, అనంతపురం వంటి పట్టణాలకు తరలించవలసి వస్తుంది. శస్త్రచికిత్స జరిగిన తల్లి మాత్రం తొలి ఆసుపత్రిలోనే ఉండిపోయే అవకాశం ఉంది.

శిశువుపై ప్రభావం

తల్లి స్పర్శ, వాసన, స్వరం నవజాత శిశువుకు భద్రతా సంకేతాలు. అవి దూరమైనప్పుడు శిశువు ఏడుస్తుంది. ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ హార్మోను పెరగవచ్చు. ఏడుపు వలన శక్తి ఖర్చవుతుంది. శరీరంలో కొవ్వు నిల్వలు స్వల్పంగా ఉండే తక్కువ బరువు శిశువుకు ఈ నష్టం ప్రమాదకరం. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో రెండు రోజుల వయసున్న 16 మంది శిశువులను పరిశీలించారు. తల్లి ఎదపై నిద్రించినప్పటి కంటే ఒంటరిగా నిద్రించినప్పుడు స్వయంచాలిత నాడీవ్యవస్థ క్రియాశీలత 176 శాతం అధికంగాను, ప్రశాంత నిద్ర 86 శాతం తక్కువగాను నమోదయ్యాయి. ఇది చిన్న అధ్యయనమే అయినా, మౌనంగా పడుకున్న శిశువు ప్రశాంతంగా ఉన్నట్లు భావించరాదని తెలియజేస్తున్నది.

ప్రాణరక్షణకు ఆధారాలు

తల్లీబిడ్డలను 24 గంటలూ ఒకే గదిలో ఉంచాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1989లో ప్రకటించిన పది సూత్రాలలో ఒకటి. శిశువును తల్లి ఎదకు నేరుగా ఆనించి ఉంచే కంగారూ సంరక్షణ 1970వ దశకం చివర కొలంబియా రాజధాని బొగోటాలో ఆరంభమైంది. భారత్, ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాలలోని ఐదు ఆసుపత్రులలో 1.8 కిలోల లోపు బరువున్న 3,211 మంది శిశువులపై జరిగిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. పుట్టిన వెంటనే ఈ సంరక్షణ ప్రారంభించిన వర్గంలో 28 రోజులలోపు మరణాలు 12 శాతం కాగా, ఆరోగ్యం స్థిరపడిన తరువాత ప్రారంభించిన వర్గంలో 15.7 శాతం. మొదటి వర్గానికి తల్లీబిడ్డలు కలిసి ఉండే ప్రత్యేక విభాగంలోనే వైద్యం అందింది. శ్వాస యంత్రం అవసరమైనవారు, షాక్‌కు గురైనవారు మినహా మిగిలిన తక్కువ బరువు శిశువులకు ఈ సంరక్షణను వెంటనే ప్రారంభించి, రోజుకు 8 నుంచి 24 గంటలు కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది.

ఆచరణలో శ్రద్ధ వహించవలసిన అంశాలు

జననీ శిశు సురక్షా కార్యక్రమం 2011 నుంచి ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచిత చికిత్స, రవాణా సదుపాయం కల్పిస్తున్నది. తల్లి ప్రయాణించగల స్థితిలో ఉంటే శిశువుతోపాటే ఆమెను తరలించడం, చేరిన చోట ఆమెకు పడక, భోజనం సమకూర్చడం అవసరం. నవజాత శిశు విభాగాలలో కుటుంబ సభ్యులను సంరక్షణలో భాగస్వాములను చేయాలని కేంద్ర ప్రభుత్వం 2017లోనే మార్గదర్శకాలు జారీ చేసింది.

తల్లి రాలేని పరిస్థితిలో తండ్రి గాని, అమ్మమ్మ గాని శిశువును ఎదకు ఆనించుకొనవచ్చు. తొలి కాన్పు పుట్టింట జరిగే ఆచారం వలన అమ్మమ్మ సాధారణంగా అందుబాటులోనే ఉంటుంది. తల్లి నుంచి పిండిన ముర్రుపాలను శిశువుకు చేర్చే ఏర్పాటు కూడా చేయాలి. ఇంటికి చేరిన పిమ్మట 3, 7, 14, 21, 28, 42వ రోజులలో గృహ సందర్శనకు వచ్చే ఆశా కార్యకర్తలు ఈ సంరక్షణ కొనసాగుతున్నదీ లేనిదీ పరిశీలించగలరు.

దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. శిశు విభాగంలో తల్లికి ఒక పడక, తరలింపు వాహనంలో ఒక స్థానం కేటాయించడమే తొలి మెట్టు.