నడిగడ్డ పొరుగున బంగారు ఊరు

కృష్ణా, తుంగభద్రల నడుమ గడ్డకు తూర్పు కొసన గద్వాల, అలంపురం ఉన్నాయి. అదే గడ్డకు పడమట, లింగసూగూరు తాలూకాలో హట్టి బంగారు గని ఉంది. 1956 నవంబరు 1 దాకా ఇవన్నీ హైదరాబాదు రాష్ట్రంలోని రాయచూరు జిల్లావే. ఆ రోజు గద్వాల, అలంపురం తాలూకాలు మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి. హట్టి మైసూరు రాష్ట్రానికి వెళ్లింది.

హట్టిలో తవ్వకాలు దాదాపు రెండు వేల ఏళ్ల నాటివి. ఆనాటి పనివాళ్లు బండ పక్కన మంట పెట్టి, కాగిన రాతిపై నీళ్లు చల్లి పగలగొట్టేవారు. ఆ ముక్కలను గుండ్రాళ్లతో నూరి, పొడిని నీళ్లలో కడిగి బంగారం తీసేవారు. నూరగా బండలపై పడ్డ గుంటలే వారి శ్రమకు సాక్ష్యం. దగ్గరలోని మస్కిలో 1915లో అశోకుడి శాసనాన్ని కనుగొన్న బీడన్ కూడా బంగారు గనుల ఇంజనీరే. శాసనాల్లోని ‘దేవానాంప్రియుడు’ అశోకుడేనని తేల్చింది ఆ రాతే.

ఆస్ట్రేలియాలోని బల్లారట్‌లో 1851లో బంగారం బయటపడినప్పుడు, పార, పళ్లెం ఉన్న ఎవరైనా వాగు ఇసుకను జల్లించి అదృష్టం పరీక్షించుకోగలిగారు. గుడారాల ఊళ్లు రాత్రికి రాత్రే వెలిశాయి. హట్టిలో అలా కుదరదు. ఇక్కడి బంగారం గట్టి రాతిలోని పలుగురాయి చారల్లో సన్నని రేణువులుగా ఉంటుంది. టన్ను రాయి తవ్వితే దక్కేది కొద్ది గ్రాములే. లోతైన షాఫ్టులు, యంత్రాలు, పెట్టుబడి కావాలి. అందుకే ఇక్కడ ఊరి బతుకు కంపెనీ చుట్టూ అల్లుకుంది.

పందొమ్మిదో శతాబ్దం చివర హైదరాబాదు దక్కన్ కంపెనీ ఇక్కడ పని మొదలుపెట్టింది. 1920 నాటికి అది ఆగిపోయింది. 1947లో హైదరాబాదు గోల్డ్ మైన్స్ కంపెనీ ఏర్పడింది. రాష్ట్రాల పునర్విభజన తర్వాత దాని పేరు హట్టి గోల్డ్ మైన్స్‌గా మారింది. గని ఊళ్లో రోజు సూర్యుణ్ణి బట్టి కాక షిఫ్టును బట్టి నడుస్తుంది. కార్మికులు తలకు దీపం కట్టుకుని పంజరంలాంటి లిఫ్టులో దిగి, రాతికి రంధ్రాలు వేసి మందుగుండుతో పేలుస్తారు. పైకి చేరిన రాయిని మిల్లులో పిండి చేసి, సైనైడ్ ద్రావణంతో బంగారాన్ని వేరు చేస్తారు.

ఈ పనికి కార్మికుడు చెల్లించే మూల్యం పెద్దది. రాతి ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది. దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. రాతికి తడిపెట్టి రంధ్రాలు వేయడం, గాలి బాగా ఆడేలా చూడడం, క్రమం తప్పని వైద్య పరీక్షలే రక్షణ.

గని మూతపడితే ఊరు ఏమవుతుందో కర్ణాటకలోని కోలారు బంగారు గనులు చూపించాయి. తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాలు తరతరాలుగా పనిచేసిన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. వేల మంది ఉపాధి పోయింది. సైనైడ్ మట్టి దిబ్బలు మాత్రం మిగిలాయి. హట్టిలో పని ఇంకా సాగుతోంది. దేశంలో గనుల నుంచి నేరుగా వచ్చే బంగారంలో అత్యధిక భాగం ఇక్కడిదే.