పొదిగే కోడి, మురిగే గుడ్డు: కొన్ని అపోహలు, వాస్తవాలు

తెలుగు పల్లెల్లో నాటుకోడిని పొదగవేసేటప్పుడు గంపలో ఇసుకో ఊకో పోసి, పైన వరిగడ్డి పరచి, గుడ్లు సర్ది, వాటి మధ్య ఒక ఇనుప ముక్కను, కొన్నిచోట్ల దానికి తోడు బొగ్గును, ఎండుమిరపకాయను కూడా ఉంచుతారు. ఉరుముల ధాటికి గుడ్లు మురిగిపోతాయని, ఇనుము ఆ కీడును ఆపుతుందని నమ్మకం. ఇది ఒక్క తెలుగునాటి నమ్మకం కాదు. సామాన్యశకం 1వ శతాబ్దంలో వ్యవసాయంపై విపులమైన గ్రంథం రాసిన రోమన్ రచయిత కొలుమెల్లా, ఉరుముల దోషం తగలకుండా పొదుగు గూటి గడ్డి కింద వెల్లుల్లి గడ్డలను, ఇనుప మేకులను పెట్టే అలవాటు తన కాలపు రైతులకు ఉన్నదని పేర్కొన్నాడు. అంత దూరాన ఉన్న రెండు సమాజాలు ఒకే మాట అన్నంత మాత్రాన అది నిజం కాబోదు గాని, రైతు కంటితో చూసినది మాత్రం అబద్ధం కాదు: మన ప్రాంతంలో ఉరుములు మొదలయ్యే కాలంలో గుడ్లు ఎక్కువగానే మురుగుతాయి. పొరపాటు జరిగినది కారణాన్ని పోల్చుకోవడంలోనే.

అసలు కారణం చాలాసార్లు పెట్ట గుడ్లపై కూర్చోకముందే మొదలవుతుంది. గుడ్డు పెట్టే సమయానికే అందులో పిండం ఏర్పడి కొంత ఎదిగి ఉంటుంది. బయటి వేడి సుమారు 20–21 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే ఆ ఎదుగుదల ఆగి, పెట్ట ఒంటి వెచ్చదనం తగిలినప్పుడు మళ్లీ సాగుతుంది. నాటుకోడి 10–15 రోజుల పాటు విడివిడిగా పెట్టిన గుడ్ల నుంచి పిల్లలు దాదాపు ఒకేసారి, 21వ రోజుకు అటూ ఇటూగా బయటపడటానికి ఈ విరామమే ఆధారం. రోహిణి కార్తె ఎండల్లో రేకుల ఇంట్లోనో అటక మీదనో దాచిన గుడ్డుకు ఈ విరామం దొరకదు. పిండం పూర్తిగా ఆగక, సరిగా ఎదగక, అరకొరగా కదిలి చనిపోతుంది. తరువాత తొలకరి జల్లుకు గూడు తడిస్తే పెంకులోని సూక్ష్మరంధ్రాల గుండా బ్యాక్టీరియా లోపలికి చేరి ఆ గుడ్డును కుళ్లబెడుతుంది, సరిగ్గా అప్పుడే ఉరిమింది కనుక నింద ఉరుము మీద పడుతుంది. పొదగవేయదలచిన గుడ్లను నీడపట్టున, తడి ఇసుకలో కుదురుగా నిలిపిన కుండలో దాచడం, చల్లని రోజుల్లో వారం దాటనీయకపోవడం, వేసవిలో మూడు నాలుగు రోజులకు మించనీయకపోవడం ఇనుప ముక్క కంటే ఎంతో మేలు చేస్తాయి. మురికిగా ఉన్నాయని గుడ్లను కడగడం కూడా ఇదే ముప్పును తెస్తుంది, ఎందుకంటే పెంకుపై ఉండే పలుచని సహజ పొర నీటితో తొలగిపోయి రంధ్రాలు తెరుచుకుంటాయి.

దుకాణంలో కొన్న గుడ్లను పొదగవేసి, పిల్లలు రాకపోతే కోడిని తప్పుపట్టేవారూ ఉన్నారు. వాణిజ్య ఫారాలలో గుడ్ల కోసం పెంచే పెట్టల మధ్య పుంజులు ఉండవు కనుక ఆ గుడ్లలో పిండమే ఉండదు. ఇంటి కోళ్లలోనైతే పుంజును తీసివేసిన తరువాత కూడా పది రోజులకు పైగా పిల్లలయ్యే గుడ్లు రావచ్చు, పెట్ట తన శరీరంలో వీర్యాన్ని అన్ని రోజులు నిలువ ఉంచుకోగలదు. పొదగవేసిన ఏడో రోజు రాత్రి చీకటి గదిలో గుడ్డు వెనుక టార్చి వెలుతురు పెట్టి చూస్తే, ఎదుగుతున్న గుడ్డులో ఒక నల్లని చుక్క నుంచి సాలెగూడులా ఎర్రని నరాలు పాకి ఉంటాయి. ఖాళీ గుడ్డు అంతటా ఒకే తేటగా కనబడుతుంది. మనిషి చేయి తగిలితే పెట్ట గుడ్లను వదిలేస్తుందన్న భయానికి ఇక్కడ తావు లేదు, చప్పుడు లేకుండా చూసి తిరిగి పెడితే చాలు.

పొదిగే కోడి 21 రోజులు ఉపవాసం ఉంటుందన్న మాట వినడానికి గొప్పగా ఉంటుంది గాని, దానిని నమ్మి గంప మూసి ఉంచినవారి కోడి నీరసించిపోతుంది. మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి నుంచి వెలువడే ప్రోలాక్టిన్ అనే హార్మోను వల్ల ఆకలి తగ్గే మాట, ఒళ్లు తీసే మాట నిజమే. అయినా ఆరోగ్యమైన పెట్ట రోజుకొకసారి సుమారు పావుగంట దిగి, పెద్ద రెట్ట వేసి, నీళ్లు తాగి, నాలుగు గింజలు తిని, దుమ్ములో పొర్లి తిరిగి ఎక్కుతుంది, ఆ కాస్త సేపటికి గుడ్లు పాడుకావు. దిగనని మొండికేసే పెట్టను రెండు చేతులతో ఎత్తి దించాలి. ఎత్తే ముందు రెక్కల కింద తడిమి చూడకపోతే అక్కడ ఇరుక్కున్న గుడ్డు జారి పగులుతుంది. కదలకుండా కూర్చున్న ఒంటిపై పేలు త్వరగా పెరుగుతాయి కనుక బూడిద కలిపిన పొడి మట్టిని దగ్గరలో ఉంచడం గింజలు వేసినంత అవసరం.

గుడ్లను బేసి సంఖ్యలోనే పొదగవేయాలన్న పట్టింపు కొలుమెల్లా గ్రంథంలోనూ ఉంది, దానికి ఆధారం మాత్రం ఎక్కడా లేదు. పెట్ట ఒంటి కింద పూర్తిగా అమిరేవి, నాటుకోడికైతే 10–12, సరైన సంఖ్య. కోల గుడ్డు పుంజు, గుండ్రని గుడ్డు పెట్ట అన్న లెక్క కూడా నిలవదు. అరిస్టాటిల్ కోల గుడ్డు పెట్ట అన్నాడు, కొలుమెల్లా పుంజు అన్నాడు. పిల్ల ఆడదో మగదో నిర్ణయించేది పెంకు ఆకారం కాదు, తల్లి అండంలోని క్రోమోజోము.

ప్రతి పెట్టా పొదుగుతుందనుకోవడం మరో పొరపాటు. అసీల్ పెట్టలకు ఈ గుణం గట్టిగా ఉంటుంది. ఎక్కువ గుడ్ల కోసం ఎంపిక చేస్తూ వచ్చిన తెల్ల లెగ్‌హార్న్‌లోనూ, హైదరాబాద్‌లో రూపొందిన వనరాజా కోళ్లలోనూ అది దాదాపు లేదు. పొదుగుడు మాన్పించడానికి ముక్కులో ఈక గుచ్చడం వట్టి హింస. గూడు లేని, అడుగున గాలి ఆడే పంజరంలో కొన్నాళ్లు ఉంచితే పొట్ట కింది వేడి తగ్గి కోడి తనంతట తానే మారుతుంది.

పెంకు చిట్లిన తరువాత పిల్ల రావడం ఆలస్యమైతే చేత్తో ఒలిచే తొందరపాటు పిల్లకే ప్రాణాంతకం. చిట్లింది మొదలు బయటపడే వరకు ఒక రోజు పట్టవచ్చు. ఆ వ్యవధిలో పిల్ల మిగిలిన పచ్చసొనను పొట్టలోకి తీసుకుంటుంది, పెంకు లోపలి పొరలోని రక్తనాళాలు ఎండుతాయి. తడి నరాలు ఉండగా ఒలిస్తే నెత్తురు కారుతుంది. ఆ సొన బలంతోనే పిల్లలు రెండు రోజులు మేత లేకుండా ఉండగలవు కనుక ముందు వచ్చినవాటికి నూకలు పెట్టాలని తల్లిని గంప దించనవసరం లేదు. 23వ రోజుకు కూడా చిట్లని గుడ్లను అప్పుడు తీసివేయవచ్చు.