పేలియో డైట్.. పరుగుల్లోనూ పక్కాగా!

ఉదయం కాలేజీ, సాయంత్రం కోచింగ్, రాత్రి మాక్ టెస్ట్. ఈ హడావుడిలో పేలియో డైట్ మొదలుపెట్టినవాళ్లు చాలామంది మూడో రోజుకే మళ్లీ పప్పన్నం ముందు కూర్చుంటారు. పట్టుదల లేక కాదు.. ఆకలేసే వేళకి చేతిలో ఏమీ లేక!

అన్నం, చపాతీ, పప్పులు, పాలు, పెరుగు, చక్కెర మానేసి గుడ్లు, చేపలు, మాంసం, కూరగాయలు, పండ్లు, బాదం లాంటివి తినడమే పేలియో. పల్లీలు, సెనగలు కూడా పప్పుజాతివే కాబట్టి అవీ కుదరవు. అందుకే రేపటి తిండి సంగతి ఈ రాత్రే తేల్చేయండి.

* ఉదయం: మూడు ఉడికించిన గుడ్లు, ఓ అరటిపండు. ఒక్కో గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది.

* మెస్‌లో: అన్నం బదులు కూర రెండింతలు, ఓ ఆమ్లెట్.

* బ్యాగులో: గుప్పెడు బాదం, ఓ జామకాయ. ఇవి ఉంటే సమోసా జోలికి వెళ్లరు.

* పెరుగు మానేస్తే కాల్షియం తగ్గొచ్చు. నువ్వులు, ఆకుకూరలు, ముళ్లతో సహా తినే చిన్న చేపలు తీసుకోండి.

ఒక్కసారిగా అన్నం మానేస్తే మొదటి కొద్దిరోజులు తలనొప్పి, నీరసం రావచ్చు. వారంలో పరీక్షో, ఇంటర్వ్యూనో ఉంటే అదయ్యాకే మొదలుపెట్టండి. షుగర్, కిడ్నీ సమస్యలున్నవారు ముందుగా డాక్టర్‌ని అడగాల్సిందే.