‘టేపర్ ఆఫ్’ – సన్నగిల్లుట

కురియుచున్న వాన హఠాత్తుగా నిలిచినచో ఆంగ్లమున ‘స్టాప్’ అందురు. ధారలు తుంపరలై, తుంపరలు చినుకులై, క్రమక్రమముగా తగ్గినచో ‘టేపర్ ఆఫ్’ అందురు. ఇది క్రియకు చిన్న అవ్యయము చేరగా ఏర్పడిన మాట. ‘టేపర్’ అనగా మొదట మైనపు వత్తి. అట్టి వత్తి అడుగున లావుగాను, కొనయందు సన్నముగాను ఉండును గదా! ఆ ఆకారమును బట్టియే ఆ పదమునకు ‘క్రమముగా సన్నబడు’ అను అర్థము వచ్చినది. ‘ఆఫ్’ చేరిన పిమ్మట అది వానకే గాక జనసమ్మర్దమునకు, వ్యాపారమునకు సయితము చెల్లుచున్నది.

తెలుగున ‘సన్నగిల్లు’ అను మాటయు ఇట్టిదే. సన్నదనమును తెలుపు పదమునుండి క్షీణించుట అను అర్థము పుట్టినది. చూపు సన్నగిల్లినది, ఆశ సన్నగిల్లినది అందుము. ఎవరైనను బుద్ధిపూర్వకముగా ఖర్చును తగ్గించినచో అది ‘కట్ డౌన్’. ఖర్చు తనంత తాను మెల్లగా తగ్గినచో ‘టేపర్ ఆఫ్’. ‘తగ్గించు’, ‘తగ్గు’ అను క్రియలకు గల భేదము వంటిదే ఇదియు.

సన్నని ఖద్దరునకు పేరుగాంచిన పొందూరు శ్రీకాకుళం జిల్లాలో ఉన్నది. సన్నబడుటకు గల రెండు ముఖములును అచ్చట కానవచ్చును. ఆ ప్రాంతపు స్త్రీలు వాలుగచేప దవడ ఎముకతో ప్రత్తిని దువ్వి, గింజలు తీసి, ఏకి, ఏకులు చుట్టి, రాట్నముపై వడకుదురు. ఆ నూలు 100 కౌంటు వరకు సన్నబడును. అనగా 840 గజముల చిలపలు 100 కలిసి ఒక్క పౌను మాత్రమే తూగును. ఒక పౌనులో 84,000 గజముల నూలు! ఇచ్చట సన్నదనము లోపము గాదు, అదియే విలువ.

కాని వడకువారి మాట యేమి? వృద్ధురాండ్రు చేతకాక మానుకొనుచున్నారు. శ్రమకు తగిన కూలి కానరాక యువతులు రాట్నము ముందు కూర్చుండుట అరుదైనది. దీనిని ఎవరును ఒక్కనాడు ఆపలేదు. ఒక యింట ఒక రాట్నము, వేరొక యింట వేరొకటి అటకెక్కినవి. ఇదియే ‘టేపర్ ఆఫ్’. హఠాత్తుగా ఆగినదానిని లోకము గమనించును, సన్నగిల్లునది కంటబడదు.

అయినను ఈ మాటయందు ఒక ఊరట కలదు. సన్నగిల్లినది ఇంకను మిగిలియే యున్నది. చేతిలోని ఏకు అయిపోవచ్చినప్పుడు నేర్పరియైన స్త్రీ పోగు తెగువరకు వేచియుండదు. దాని కొనకు క్రొత్త ఏకును అంటించి వడకును. చేతివిద్యకును అట్టి అతుకు సకాలమున పడవలెను.