కావేరిలో మూపురం చేప ఏమైంది? చెరువులో చేపపిల్లలు వదిలే ముందు తెలుసుకోవాల్సిన సంగతి

హొసూరు, కృష్ణగిరి, ధర్మపురి వైపు మన తెలుగు ఇళ్లలో హొగేనక్కల్ చూడనివాళ్లు అరుదు. ఒళ్లంతా నూనె పట్టించుకుని జలపాతం కింద స్నానం, పుట్టిలో ఒక చుట్టు, ఆ తర్వాత ఒడ్డున పెనం మీద వేయించి ఇచ్చే చేపలు. పోయిన వేసవిలో మేమూ వెళ్లాం. చేపలు వేయిస్తున్న ఆమెను "ఇవి కావేరి చేపలేనా అక్కా?" అని అడిగితే, "కావేరివే సామీ, పొద్దున పట్టినవే" అంది.

ఆమె అబద్ధం చెప్పలేదు. పట్టింది కావేరిలోనే. కానీ ఆ పళ్లెంలో ఉన్నవి కట్ల, రోహు, జిలేబి. మన ఆంధ్ర బంధువులు బొచ్చె, శీలావతి అని పిలిచేవే మొదటి రెండూ. కావేరికి అవి సొంత చేపలు కావు, మనుషులు తెచ్చి వదిలినవి. జిలేబి అంటే తిలాపియా. ఆఫ్రికా చేప. మన దేశంలోకి వచ్చింది 1952లో. ఇక్కడి ఏ చెరువులో వల వేసినా ఇప్పుడు అదే పడుతుంది. మరి కావేరికి సొంతమైన చేపలు ఏమయ్యాయి? అన్నిటి కథా చెప్పలేం గానీ, అందులో అన్నిటికన్నా పెద్ద చేప కథ మాత్రం చెప్పుకోవాలి. ఎందుకంటే దాన్ని ఈ స్థితికి తెచ్చినవాటిలో మంచి ఉద్దేశంతో మొదలైన చేపపిల్లల పెంపకం కూడా ఒకటి.

ముందుగా చేపపిల్లల సంగతి. కట్ల, రోహు, మోసు లాంటి గండుచేపలు నిలవ నీటి చెరువులో పెరుగుతాయి గానీ అక్కడ గుడ్లు పెట్టవు. వాటికి వరద నీరు, పారుదల కావాలి. అందుకే ఒకప్పుడు వానాకాలంలో నదుల్లో పిల్లల్ని పట్టి, కుండల్లో మోసుకొచ్చి చెరువుల్లో వదిలేవారు. ఎన్ని దొరికితే అన్ని. ఏ చేప పిల్లో కూడా సరిగ్గా తెలిసేది కాదు. 1957 జూలై 10న ఒడిశాలో, అంగుల్ చేపల క్షేత్రంలో, కటక్ పరిశోధన కేంద్రానికి చెందిన హీరాలాల్ చౌధురి, ఆలికున్హి కలిసి ఆ చిక్కు విప్పారు. ఒక చేప తలలోని పీయూష గ్రంథి నుంచి తీసిన రసాన్ని తల్లి చేపకు ఇంజెక్షన్ ఇస్తే, వరద రాకపోయినా అది గుడ్లు పెట్టింది. ఒడిశాలోని మన పాఠకులు గర్వంగా చెప్పుకోదగ్గ విషయం ఇది. ఏటా జూలై 10న జాతీయ మత్స్య రైతు దినం జరుపుకునేది ఇందుకే. కొల్లేరు చుట్టూ, భీమవరం, కైకలూరు వైపు ఈనాడు కనిపించే చేపల చెరువులన్నిటికీ మూలం అక్కడే ఉంది.

ఆ మేలును కాదనలేం. అయితే దాంతో పాటు ఇంకో మార్పు కూడా వచ్చింది. అంతకుముందు ఒక నది పిల్ల మరో నదికి చేరడం కష్టం. ఇప్పుడు ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచిలో, ఒక్క రాత్రి లారీ ప్రయాణంలో, ఏ పిల్ల ఎక్కడికైనా చేరుతుంది. వేల ఏళ్లుగా కొండలూ గట్లూ వేరుగా ఉంచిన నదులు, చేపల లెక్కలో, ఒకదానితో ఒకటి కలిసిపోయాయి.

ఇక మన పెద్ద చేప. మహసీర్ పేరు వినే ఉంటారు. పెద్ద పెద్ద పొలుసులు, బంగారు రంగు, వాగు నీటికి ఎదురీదే చేప. శృంగేరిలో తుంగ ఒడ్డున మెట్ల మీద కూర్చుని మరమరాలు వేస్తే గుంపుగా పైకి వచ్చేవి ఈ కుటుంబపు చేపలే. హాసన్ జిల్లా రామనాథపురలో కావేరి ఒడ్డున కూడా గుడి దగ్గర చేపలను పట్టనివ్వరు. కన్నడంలో బిళి మీను అంటారు. మహసీర్‌లో చాలా జాతులు ఉన్నాయి. కావేరిలో ఉండే జాతికి మాత్రం తల వెనక ఎద్దు మూపురంలా పైకి లేచిన వీపు ఉంటుంది, రెక్కలు నారింజ రంగులో ఉంటాయి. మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ 1873లో రాసిన 'ది రాడ్ ఇన్ ఇండియా' పుస్తకంతో దక్షిణాది మహసీర్ పేరు ఇంగ్లండు దాకా పాకింది. మైసూరు వాన్ ఇంగెన్ కుటుంబంలోని ఒకాయన 1946లో గాలంతో పట్టిన చేప 120 పౌండ్లు తూగింది. అంటే 54 కిలోలు, ఒక మనిషి బరువు.

ఇంత పెద్ద చేప ఎదగడానికి చాలా ఏళ్లు పడుతుంది. గుడ్లు పెట్టడానికి శుభ్రమైన గులకరాళ్ల మీద పారే నీరు కావాలి, అందుకోసం ఎగువకు వెళ్లాలి. 1930ల నాటికే కృష్ణరాజసాగర్, మెట్టూరు ఆనకట్టలు దారికి అడ్డం నిలిచాయి. తర్వాత ఇసుక తవ్వకం, పట్టణాల మురుగు, అన్నిటికన్నా ఘోరంగా మందు తూటాలు పేల్చి చేపలు పట్టడం. తూటా పేలితే పెద్దదీ చిన్నదీ ఏదీ మిగలదు. 1970ల నాటికి మహసీర్ తగ్గిపోతోందని అందరూ గుర్తించారు.

అప్పుడు మహారాష్ట్ర నుంచి ఒక పరిష్కారం వచ్చింది. లోనావాలాలో టాటా విద్యుత్ సంస్థ తన జలాశయాల పక్కన మహసీర్ పిల్లల్ని పుట్టించే కేంద్రం పెట్టింది. తల్లి చేప పొట్ట మెల్లగా నొక్కి గుడ్లు తీయడం, మగ చేప పాలతో కలపడం, పారే నీటిలో ట్రేలలో పొదిగించడం. ఓపిక కావాల్సిన పని. వాళ్లు దాన్ని పట్టుదలగా చేశారు. అక్కడ పుట్టింది నీలి రెక్కల మహసీర్. దాన్ని 1839లో సైక్స్ అనే అధికారి పుణె దగ్గరి ముళా-ముఠా నదిలో చూసి వర్ణించాడు. ఆ నీరు భీమలో కలుస్తుంది, భీమ కృష్ణలో కలుస్తుంది. అంటే అది కృష్ణా నది చేప. దాని పిల్లలు దేశంలో చాలాచోట్లకు వెళ్లాయి. 1970ల నుంచి దఫదఫాలుగా కావేరిలోకీ వచ్చాయి. తరువాత కొడగులోని హారంగిలో కర్ణాటక మత్స్యశాఖ కూడా పిల్లల్ని తయారు చేసింది.

తగ్గిపోతున్న చేపను పెంచుతున్నాం అనే అందరూ అనుకున్నారు. మహసీర్ పోతోంది, మహసీర్‌నే వదులుతున్నాం కదా, ఇందులో తప్పేముంది? ఆనాడు మేమున్నా చప్పట్లే కొట్టేవాళ్లం. వదులుతున్నది వేరే నది మహసీర్ అని, కావేరి మహసీర్ వేరని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

విషయం బయటపడిన తీరు చిత్రంగా ఉంటుంది. భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమకళి దగ్గర కావేరి ఒడ్డున గాలం వేసేవారి శిబిరాలు ఉండేవి. విదేశీయులు డబ్బు కట్టి వచ్చి, చేపను పట్టి, తూచి, ఫోటో తీసుకుని మళ్లీ నీటిలో వదిలేసేవారు. పట్టిన ప్రతి చేపకూ తేదీ, బరువు, ఎన్ని గంటలు కూర్చున్నారు అన్నది పుస్తకంలో రాసేవారు. 1998 నుంచి 2012 దాకా ఉన్న ఆ పుస్తకాలను ఏడ్రియన్ పిండర్, రాజీవ్ రాఘవన్, రాబర్ట్ బ్రిటన్ అనే పరిశోధకులు తిరగేశారు. ఆరు వేలకు పైగా చేపల లెక్క అది. 2015లో ఫలితాలు ప్రచురించారు.

పైపైన చూస్తే లెక్క బాగున్నట్టే ఉంది. గంటకు పడే చేపల సంఖ్య ఏటేటా పెరిగింది. కానీ సగటు బరువు తగ్గింది. విడదీసి చూస్తే అసలు సంగతి తెలిసింది. పెరిగినవన్నీ నీలి రెక్కల చేపలు. మూపురం చేపలు ఏటేటా తగ్గుతూ వచ్చాయి. పడిన కొద్దీ పెద్దవే, వయసు మీరినవే. చిన్నవి కనబడటం దాదాపు ఆగిపోయింది. పెద్దలు మాత్రమే మిగిలి పిల్లల అలికిడి లేని ఊరు ఎలా ఉంటుందో, నది అలా తయారైంది. పరిశోధకులు రెండు ప్రమాదాలు చూపారు. తిండికీ గుడ్లు పెట్టే చోటుకూ వచ్చిన పోటీ ఒకటి. రెండు జాతులు కలిసి సంకరం పుట్టి, సొంత జాతి చెరిగిపోవడం రెండోది. ఏడాదికేడాది లారీలో కొత్త పిల్లలు దిగే చేపతో, గులకరాళ్ల మీద పిల్లల్ని కనే చేప ఎంతకాలం పోటీ పడుతుంది?

ఇందులో మనసును తొలిచే ముక్క ఇంకొకటి ఉంది. మూపురం చేపకు అప్పటికి శాస్త్రీయంగా ఖరారైన పేరే లేదు. నూటయాభై ఏళ్లుగా ప్రపంచమంతా తెలిసిన చేప. అయినా ఏ జాతో తేలలేదు. పేరు తేలకపోతే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఎర్ర జాబితాలో ఎక్కదు. జాబితాలో లేకపోతే దాని కోసం నిధి లేదు, నియమం లేదు. అదే సమయంలో నీలి రెక్కల చేప మాత్రం 'అంతరించే ప్రమాదంలో ఉన్నది' అనే జాబితాలో ఉంది, కాబట్టి దాన్ని పెంచి వదలడానికి ప్రోత్సాహం దొరికింది. లెక్కల్లో పేరు లేనివాళ్లకు పథకం అందదని మన పాఠకులకు మేము వేరే చెప్పనక్కర్లేదు. జనాభా లెక్కలప్పుడు మాతృభాష గడి ఎంత ముఖ్యమో మనం చాలాసార్లు రాశాం.

2018లో ఆ చిక్కు వీడింది. కేరళలోని పాంబార్ నుంచి అంతకుముందే వర్ణించిన 'టార్ రేమాదేవీ' అనే చేప, కావేరి మూపురం చేప ఒకటేనని పరిశోధకులు తేల్చారు. పాంబార్ కూడా కావేరిలో కలిసే నీరే. ఆ పేరు జంతుశాస్త్రవేత్త కె. రేమాదేవి గౌరవార్థం పెట్టింది. అదే ఏడాది ఎర్ర జాబితాలో 'అత్యంత ప్రమాదంలో ఉన్నది' అనే వరుసలో అది చేరింది. అది అడుగంటే ముందు మెట్టు. ఇక నీలి రెక్కల చేపకు అంత భయం లేదని తరువాత దాని స్థాయి తగ్గించారు. మూపురం చేప మిగిలిన చోట్లలో ముఖ్యమైనది మోయార్ నది. ముదుమలై, బందీపూర్ అడవుల మధ్య లోయలో పారి, సత్యమంగళం దగ్గర భవానీసాగర్‌లో కలుస్తుంది. కోయంబత్తూరు, ఈరోడ్డు వైపు మన వాళ్ల పొలాలకు అందే నీరు అది.

గాలం శిబిరాలు 2012 ప్రాంతంలో, వన్యప్రాణి రక్షణ నిబంధనల కింద, మూతపడ్డాయి. అభయారణ్యంలో సరదాకు చేపను హింసించడమేమిటి అన్న వాదనలో న్యాయం ఉంది. కానీ ఆ శిబిరాల్లో పని దొరికిన ఊళ్లవాళ్లే తూటాలు వేసేవారిని తరిమేవారు, పుస్తకంలో లెక్క రాసేవారు. కాపలా పోయింది, లెక్కా పోయింది. వేరే కాపలా పెట్టకుండా ఉన్నదాన్ని తీసేయడం తొందరపాటు అని మా అభిప్రాయం.

ఇదంతా మన ఇళ్లకు ఎందుకు అంటారా? మన ఊళ్లలో చెరువు వేలం పాటలో చాలా కుటుంబాలకు వాటా ఉంది. చెరువు నీటికి బయటికి దారి ఉంటుంది. మనం అలుగు అంటాం, తమిళనాడులో కలింగు, కర్ణాటకలో కోడి. మంచి వాన పడి అలుగు పారితే చెరువులో చేప కింది చెరువుకు, అక్కడి నుంచి వాగుకు, వాగు నుంచి నదికి పోతుంది. మనం చెరువులో వదిలాం అనుకున్నది ఆఖరుకు నదిలో వదిలినట్టే. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను కేంద్రం 2000లోనే నిషేధించింది. థాయ్ మాగుర్ అనే పేరుతో అదింకా సంతల్లో దొరుకుతోంది. దొరికినదల్లా తింటుంది, తడి నేల మీద పాకుతూ పోతుంది. చవకగా, త్వరగా పెరుగుతుందని ఎవరైనా సంచి తెచ్చి చూపిస్తే వద్దనండి. ఇంట్లో అక్వేరియం చేప పెద్దదైపోయిందని పుణ్యానికి చెరువులో వదలడం కూడా ఇలాంటిదే. అద్దానికి అతుక్కునే సక్కర్ చేప ఇప్పుడు ఆంధ్ర కాలువల్లో డెవిల్ ఫిష్ పేరుతో వలలు చింపుతోంది.

కట్ల, రోహు పెంచవద్దని మేము అనడం లేదు. ఎన్నో ఇళ్ల పొయ్యి వెలుగుతున్నది వాటితోనే. పాట దక్కిన తర్వాత పిల్లల కోసం వెళ్లినప్పుడు ఏ జాతి, ఎక్కడి తల్లి చేపల పిల్లలు అని అడగండి. రసీదు మీద జాతి పేరు రాయించుకోండి. వానలు మొదలయ్యే ముందే అలుగుకు జాలి కట్టండి. చెత్త పట్టి నీరు ఆగితే గట్టు తెగుతుంది కాబట్టి దాన్ని రోజూ శుభ్రం చేసే మనిషి కూడా ఉండాలి. కొర్రమీను మన చెరువుల సొంత చేప, తమిళంలో విరాల్. ధర కూడా ఎక్కువే. చిన్న చేపల్ని తింటుంది కాబట్టి గండుచేపల పిల్లలతో కలిపి వేయకూడదు, విడి కుంట కావాలి.

ఇక నదిలో పిల్లలు వదిలే కార్యక్రమానికి మన సంఘాలను పిలుస్తుంటారు. బిందెలు, దండలు, ఫోటోలు. ఈసారి పిలుపు వస్తే, వెళ్లేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఈ చేప ఈ నదిదేనా? మోయార్ చివర ఉన్న భవానీసాగర్ జలాశయంలో చేపల వేట కోసం గండుచేపల పిల్లల్ని వదలడం ఏళ్ల తరబడి సాగుతున్న పనే. దానికి కొద్ది దూరం ఎగువన, లోయలో, మూపురం చేప ఉంది.